పర్లాకిమిడి నుంచి శంషాబాద్‌కి: సరిహద్దు జిల్లాల వాళ్ళు విమానం ఎక్కడం ఎలా

పర్లాకిమిడిలో నా టికెట్ల దుకాణానికి వచ్చేవాళ్ళు విమానం మాట ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "హైదరాబాదుకి ఎంతసేపు పడుతుంది బాబూ?" విశాఖ నుంచి గంటంపావు అని చెబుతాను. ఆ జవాబుకి ముఖం వెలిగిపోని మనిషిని ఇంతవరకు చూడలేదు. నెల తిరక్కుండా అదే మనిషి మళ్ళీ వచ్చి, "గంటంపావు అన్నావు, తెల్లవారి ఐదింటికి ఇల్లు వదిలితే మా అబ్బాయి గుమ్మం తొక్కేసరికి మధ్యాహ్నం మూడైంది" అని నిలదీస్తాడు. ఇద్దరం చెప్పిందీ నిజమే. విమానం ఎగిరింది గంటంపావే. మిగిలిన కాలమంతా నేల మీద గడిచింది.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళం పెద్ద విమానాశ్రయాలకు చాలా దూరంలో ఉన్నాం. నగరాల వాళ్ళకు రాసిన సలహాలు మనకు సగమే పనికొస్తాయి. విమానంతో మనకు లాభమా నష్టమా అన్నది చాలావరకు మన వీధి చివర నుంచి విమానాశ్రయం గేటు దాకా ఉన్న దారి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు కాగితం మీద గంటలు వేయండి

టికెట్టు ధర చూడకముందే గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క కట్టండి. మా ఊరి లెక్క ఇలా ఉంటుంది. విశాఖ విమానాశ్రయానికి, దారిలో టిఫిను, టీలతో కలిపి, నాలుగు గంటలు. అక్కడ రెండు గంటలు. గాల్లో గంటంపావు. దిగి సంచి తీసుకుని బయటపడటానికి ముప్పావు గంట. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికో ఉప్పల్‌కో గంటన్నర. మొత్తం తొమ్మిదిన్నర గంటలు, అదీ అన్నీ సవ్యంగా జరిగితే.

ఇప్పుడు రైలు. పలాసలోనో బరంపురంలోనో సాయంత్రం ఫలక్‌నుమా ఎక్కితే మర్నాడు పొద్దున్న సికింద్రాబాదు. గంటలు దాదాపు రెట్టింపే, కానీ అందులో ఎక్కువ భాగం నిద్రలో గడుస్తుంది. విమానానికి పోయేది పగలు. సెలవు పెట్టుకుని వెళ్ళే ఉద్యోగికి పగలు ఖరీదైనది. మోకాళ్ళ నొప్పులతో పై బెర్తు ఎక్కలేని పెద్దమ్మకు రాత్రి ఖరీదైనది. ఎవరి లెక్క వారు వేసుకోవాల్సిందే.

నా సలహా అడిగితే ఇలా చెబుతాను. బరంపురం నుంచి కోల్‌కతాకు విమానం అనవసరం, రాత్రి రైలే మేలు. హైదరాబాదు రెండింటికీ నడుమ ఉంది: మనిషి వయసు, పని తొందర చూసి తేల్చుకోవాలి. ఢిల్లీ, ముంబై, పుణె, బెంగళూరు అయితే, ధర అందుబాటులో ఉన్నప్పుడు, విమానానికే నా ఓటు. ఇక ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనో, ఆఖరి చూపు దక్కాలనో ఫోను వస్తే లెక్కలు వేయకండి. ఆ ఒక్క సందర్భానికే విమానం పుట్టిందని నాకు అనిపిస్తుంది. ముప్పై గంటల దారి అరపూటలో తెగిపోతుంది.

ధరలోనూ నేల ఖర్చును కలపండి. మూడువేల టికెట్టు కోసం విశాఖ దాకా కారు మాట్లాడుకుని అంతకు మించి చెల్లించినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. గుణుపురం నుంచి పర్లాకిమిడి, నౌపడల మీదుగా విశాఖకు ప్యాసింజరు రైలు ఉంది, బస్సులూ ఉన్నాయి. నలుగురు కలిసి వెళ్తే కారు గిట్టుబాటు అవుతుంది, ఒక్కరికి అవదు.

విశాఖా, భువనేశ్వరా?

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వాళ్ళకు భువనేశ్వర్ దగ్గర. బరంపురం నుంచి అక్కడికి సుమారు 170 కిలోమీటర్లు, విశాఖకు 270 దాటుతుంది. పైగా భువనేశ్వర్ విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉంది. రైలు దిగితే ఆటోలో కొద్ది నిమిషాల దారి. విమానం సమయానికి నాలుగైదు గంటల ముందు భువనేశ్వర్ చేరే రైలు చూసుకుంటే బరంపురం వాళ్ళకు కారు అవసరమే లేదు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళకు విశాఖే దారి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇన్నేళ్ళుగా మనం ఎక్కిన విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద నడుస్తూ వచ్చింది. దానికి బదులుగా విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. అది విశాఖకు ఉత్తరాన, శ్రీకాకుళం వైపు, జాతీయ రహదారి పక్కన ఉంది. విశాఖ నగరవాసులు దూరమని విసుక్కుంటున్నారు గానీ మనకు అది వరం. ఎండాడ, మద్దిలపాలెం రద్దీలో ఇరుక్కోకుండానే చేరిపోవచ్చు. కాబట్టి టికెట్టు మీద విశాఖపట్నం అన్న ఊరి పేరు చూసి సరిపెట్టుకోకండి. ఏ విమానాశ్రయం నుంచి లేస్తుందో చదివాకే బండి మాట్లాడండి.

జయపురం, కోరాపుట్ వాళ్ళ సంగతి వేరు. జయపురంలోని చిన్న విమానాశ్రయం నుంచి 2022 అక్టోబరు చివర్లో భువనేశ్వర్‌కు తొమ్మిది మంది పట్టే చిన్న విమానం మొదలైంది. చిన్న ఊళ్ళను విమానాలతో కలిపే ప్రభుత్వ ఉడాన్ పథకం కింద నడిచే ఇలాంటి సర్వీసుల మీద భారం వేసి ముందుకు కనెక్టింగ్ టికెట్టు, అంటే దిగిన చోటి నుంచి మరో విమానానికి టికెట్టు, తీయకండి. కొండ ప్రాంతం, మబ్బు దిగితే చిన్న విమానం కదలదు. లగేజీ పరిమితి కూడా తక్కువ. ఎక్కితే మాత్రం, కిటికీలోంచి కొండలు అంత దగ్గరగా పెద్ద విమానంలో ఎన్నడూ కనిపించవు.

అక్టోబరు గురించి ఒక మాట. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసి విమానాశ్రయాన్నే దెబ్బతీసింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబరు 11న. గజపతి జిల్లాలో ఆ రాత్రి ఎలా గడిచిందో మాకు ఇంకా గుర్తు. దసరా, దీపావళి ప్రయాణాలు సరిగ్గా ఈ రోజుల్లోనే పడతాయి. ఆ నెలలో టికెట్టు తీస్తే, ఇంటర్వ్యూకో ఆపరేషనుకో వెళ్తున్నవాళ్ళు ఒక రోజు ముందుగా చేరేలా చూసుకోండి. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వైపు వెళ్ళేవాళ్ళకు పొగమంచుతో ఇదే బాధ. తెల్లవారి విమానాల కంటే మధ్యాహ్నపు విమానాలు నయం.

టికెట్టు తీయడం

నా పొట్ట నేనే కొట్టుకునే మాట ఒకటి చెబుతాను. మీకు ఫోనులో డబ్బు కట్టడం వస్తే విమాన సంస్థ సొంత వెబ్‌సైటులోనే టికెట్టు తీసుకోండి. విమానం రద్దయినా తేదీ మారినా డబ్బు నేరుగా మీ ఖాతాకే వస్తుంది. మధ్యలో నావంటివాడో పెద్ద బుకింగ్ యాపో ఉంటే, సంస్థ యాపును చూపిస్తుంది, యాపు సంస్థను చూపిస్తుంది, మీరు ఇద్దరి మధ్యా తిరుగుతారు. నా దగ్గర తీసుకున్నా సరే, టికెట్టు మీద మీ ఫోను నంబరే ఉండేలా చూడండి. దుకాణదారు నంబరు ఉంటే విమానం సమయం మారిందన్న సందేశం రాత్రి పదకొండింటికి మూసిన దుకాణానికి వస్తుంది.

ధర ఎందుకు గంట గంటకూ మారుతుందని అందరూ అడుగుతారు. ఒకే విమానంలో సీట్లను పలు ధరల మెట్లుగా అమ్ముతారు. తక్కువ ధర మెట్టులో సీట్లు అయిపోతే పై మెట్టు తెరుచుకుంటుంది. ఇందులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. మీరు నలుగురికి వెతికినప్పుడు కింది మెట్టులో రెండు సీట్లే మిగిలి ఉంటే, నలుగురికీ పై ధరే చూపిస్తుంది. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూడండి. తేడా కనిపిస్తే ఇద్దరిద్దరిగా రెండు టికెట్లు తీయండి.

డబ్బు కట్టే ముందు కింద వరుసలో ఏమేం చేరాయో చదవండి. మీరు అడగని ప్రయాణ బీమా, దానధర్మాల పది రూపాయలు, కావాలనుకోని సీటు రుసుము అక్కడ చప్పుడు చేయకుండా కూర్చుంటాయి. బుట్టలో ఇలా దొంగచాటుగా సరుకు చేర్చడం తప్పని కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అయినా కంటికి మించిన కాపలా లేదు. సీటు విషయంలో భయపెట్టే తెర ఒకటి వస్తుంది, డబ్బు కట్టకపోతే నిలబడి వెళ్ళాలేమో అన్నట్టు. ఏమీ కట్టకపోయినా సీటు ఇస్తారు. నడుమ సీటు పడవచ్చు, అంతే.

ఇక అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్ళు పెట్టించేది పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, టికెట్టు ఫారం దాన్ని చివర అడుగుతుంది. దీనికి తోడు మన జిల్లాల్లో ఇంకో చిక్కు. ఒడియాలో వకారం బకారంగా పలుకుతుంది. తెలుగు ఇంట్లో వెంకటరావుగా పెరిగినవాడు ఆధార్‌లో బెంకటరావు, పదో తరగతి సర్టిఫికెట్టులో మళ్ళీ వెంకటరావు. ఏది సరైన పేరు అన్న చర్చ ఇంట్లో పెట్టుకోండి. టికెట్టు మీద మాత్రం, గేటు దగ్గర మీరు చూపించబోయే కార్డులో ఏ అక్షరాలు ఉన్నాయో అవే పడాలి. కార్డు చేతిలో పట్టుకుని, చూస్తూ కొట్టండి. తప్పు పడితే వెంటనే సంస్థకు చెప్పండి. వారి వెబ్‌సైటులో నేరుగా తీసిన టికెట్టయితే 24 గంటల లోపు చెప్పిన అక్షర దోషాన్ని డబ్బు తీసుకోకుండా సరిచేయాలని నిబంధన ఉంది.

కనెక్టింగ్ విమానాలు తీస్తే రెండూ ఒకే పీఎన్ఆర్ (టికెట్టు మీది బుకింగ్ నంబరు) కింద ఉండేలా చూడండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వారిది. రెండు సంస్థల్లో రెండు టికెట్లు విడివిడిగా తీసి ఐదువందలు మిగిల్చుకుంటే, తప్పిపోయిన విమానం పూర్తి ధర మీది. టికెట్టు రద్దు చేసుకుంటే ఒక్క పైసా రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎంత చవక టికెట్టయినా, ప్రయాణం చేయనప్పుడు విమానాశ్రయ రుసుములు, పన్నులు తిరిగి ఇవ్వాలి. చిన్న మొత్తమే కావచ్చు, అడిగి తీసుకోండి.

సంచి సర్దడం

దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు సాధారణంగా 15 కిలోల పెద్ద లగేజీ, 7 కిలోల చేతి సంచి ఉచితం. మీ టికెట్టు మీద ఏం రాసి ఉందో అదే ప్రమాణం. ఎందుకంటే లగేజీ లేని చవక టికెట్లు కూడా అమ్ముతున్నారు. తూకం ఇంట్లోనే వేయండి. కౌంటరు దగ్గర నలుగురి ముందు పెట్టె తెరిచి చీరలు బయటపెట్టే అవస్థ పగవాడికీ వద్దు.

మన ఊళ్ళ నుంచి వెళ్ళే సంచి అంటే ఏముంటుంది? బరంపురం ఆవకాయ, అప్పడాలు, ఒక పట్టుచీర, కోరాపుట్ కాఫీపొడి, కొబ్బరి. అప్పడాలు, కాఫీపొడి, చీర ఎక్కడ పెట్టినా ఇబ్బంది లేదు. పచ్చడి మాత్రం పెద్ద లగేజీలోనే వెళ్ళాలి. చేతి సంచిలో మిరపకారం, నూనె ఉన్న పచ్చడిని తనిఖీ దగ్గర ఆపేస్తారు. సీసా వద్దు. మందపాటి కవరులో పోసి, సీలు వేయించి, దాన్ని మరో డబ్బాలో పెట్టి, చుట్టూ పాత తువ్వాలు చుట్టండి. ఎండుకొబ్బరి అసలే వద్దు. అందులో నూనె ఎక్కువ, మండే వస్తువుల జాబితాలో ఉంది, పెద్ద లగేజీలోనూ ఒప్పుకోరు. మా అత్తయ్య మనవరాలి సీమంతానికని పట్టుకెళ్ళిన కొబ్బరి చిప్పలన్నీ తీయించేశారు. ఆవిడ బాధ చిప్పలు పోయినందుకు కాదు. "శుభకార్యానికి పట్టుకెళ్ళే కొబ్బరిని బాంబుతో కలిపి చూస్తారా" అన్నదే ఆవిడ కోపం. నాలుగేళ్ళయింది, ఇప్పటికీ పండగకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

కర్పూరం, అగ్గిపెట్టె, లైటరు ఇంట్లోనే వదలండి. పూజ సామాను సంచిలో ఇవి దాక్కుని ఉంటాయి. గంజాం మొగలి అత్తరు చిన్న సీసా అయితే ఫరవాలేదు. పవర్ బ్యాంకు తప్పనిసరిగా చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద లగేజీలో పెడితే పెట్టె ఆపి మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు. మందులు, నగలు, ఆస్తి కాగితాలు, ఒక జత బట్టలు కూడా మీ చేతిలోనే. పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా బతికే ఏర్పాటు ఇది.

బయలుదేరే రోజు

వెబ్ చెకిన్, అంటే వస్తున్నామని ఆన్‌లైన్‌లో నమోదు చేసి బోర్డింగ్ పాసు తీసుకోవడం, ముందురోజే చేసేయండి. బోర్డింగ్ పాసు ఫోనులో దాచుకోవడంతోపాటు ఒక కాగితం కాపీ కూడా తీయండి. అవసరం పడినప్పుడే ఫోను చార్జింగు అయిపోతుంది.

గడియారాన్ని వెనక్కి లెక్కపెట్టండి. లగేజీ ఇచ్చే కౌంటరు సాధారణంగా విమానం సమయానికి 60 నిమిషాల ముందు మూసేస్తారు. గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. టికెట్టు మీది సమయం విమానం కదిలే సమయం, మీరు చేరాల్సిన సమయం కాదు. ఈ ముక్క నేను నోటితో చెప్పి, కాగితం మీద గుండ్రంగా గీసి ఇచ్చినా, "తొమ్మిదింటి విమానమేగా, ఎనిమిదిన్నరకు వెళ్తాం" అనేవాళ్ళు తగులుతూనే ఉంటారు. రైలును పరుగెత్తి పట్టుకున్న అనుభవం ఇక్కడ చెల్లదు.

మన దూరాల నుంచి వెళ్ళేవాళ్ళు మామూలు రెండు గంటలకు మరో గంట కలపండి. రైల్వే గేటు, లారీల వరుస, వంతెన మరమ్మతు, ఏదో ఒకటి దారిలో ఎదురుచూస్తూనే ఉంటుంది. పదింటి లోపు విమానమైతే ముందురాత్రే విశాఖో భువనేశ్వరో చేరి పడుకోవడం మంచిది. ఆ లాడ్జి ఖర్చూ మొదట వేసిన లెక్కలో చేరాలి.

ప్రవేశద్వారం దగ్గర టికెట్టు, గుర్తింపు కార్డు చూపాలి. డిజియాత్ర యాపులో ముందే నమోదు చేసుకుంటే ముఖం చూసి గేటు తెరుచుకుంటుంది. ఈ ఏర్పాటు విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ 2024 సెప్టెంబరులో వచ్చింది. ముఖం ఇవ్వడం ఇష్టం లేకపోతే మామూలు వరుస ఉంది, తొందరేమీ లేదు. తనిఖీలో ఫోను, పర్సు, బెల్టు ట్రేలో పెట్టండి, మళ్ళీ తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోండి. మరిచిపోయేది ఎప్పుడూ బెల్టే. పెద్దవాళ్ళకు చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు తీసేటప్పుడే చెప్పండి.

లోపల టీ ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది. ఖాళీ నీళ్ళ సీసా పట్టుకెళ్ళి లోపల కుళాయి దగ్గర నింపుకోండి. ఇంటి నుంచి ఇడ్లీలైనా పులిహోరైనా కట్టుకెళ్ళడం నామోషీ కాదు, ఎవరూ ఆపరు. కోల్‌కతాలో 2024 డిసెంబరులో పది రూపాయల టీతో ఉడాన్ యాత్రీ కేఫ్ మొదలుపెట్టారు. తర్వాత మరికొన్ని ఊళ్ళకూ వచ్చింది. లోపలికి వెళ్ళగానే అది ఉందేమో అడగండి.

ఆలస్యమైతే, రద్దయితే

విమానం ఎక్కేవాడి అసలు కష్టం ఇక్కడే. ఆలస్యాన్ని ఒక్కసారిగా చెప్పరు. అరగంట అంటారు, అది గడిచాక మరో అరగంట అంటారు. ఏ అరగంటకూ కోపం తెచ్చుకునేంత బలం ఉండదు, అన్నీ కలిపితే మాత్రం పూట పోతుంది.

ఏం చేయాలో పట్టిక కట్టి చెబుతాను. ఇవి డీజీసీఏ అనే పౌర విమానయాన నియంత్రణ సంస్థ పెట్టిన నియమాలు. ఎవరి దయా కాదు.

రెండున్నర గంటల లోపు ప్రయాణమైన విమానం రెండు గంటలు ఆలస్యమైతే, సమయానికి వచ్చి చెకిన్ చేసినవాళ్ళకు ఫలహారం ఇవ్వాలి. ఆరు గంటలు మించి ఆలస్యమైతే మరో విమానమో పూర్తి డబ్బో, రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు మీది. రాత్రి 8 నుంచి తెల్లవారి 3 మధ్య లేవాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే, లేదా ఏ విమానమైనా 24 గంటలు దాటితే, హోటలు గది ఇవ్వాలి.

ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, మరో విమానం లేదా డబ్బు వాపసుతోపాటు పరిహారం కూడా ఉంది. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల లోపు దానికి 7,500, అంతకు మించితే 10,000. ఒక దిక్కు మూల ధర, ఇంధన రుసుము కలిపి ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. తుపాను, పొగమంచు వంటి వారి చేతిలో లేని కారణాలకు పరిహారం ఉండదు. తిండి, వాపసు సంగతి వేరు, అది మరిచిపోకండి. సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని దించేస్తే, గంట లోపు లేచే వేరే విమానం ఇవ్వలేకపోయినప్పుడు, అదే మూల ధరకు రెండు రెట్లు, 10,000 రూపాయల దాకా చెల్లించాలి. ఆ వేరే విమానం 24 గంటలు దాటాక అయితే నాలుగు రెట్లు, 20,000 దాకా.

హక్కు కాగితం మీద ఉంది గానీ దాన్ని అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఒకసారి భువనేశ్వర్‌లో మా విమానం మూడు గంటలు ఆలస్యమైంది. గేటు దగ్గర ఒకాయన అరవడం మొదలుపెట్టాడు, కౌంటరులోని అమ్మాయి ఇంకా మౌనమైపోయింది. నేనూ, రాయగడ నుంచి వచ్చిన ఇద్దరూ కలిసి వెళ్ళి, నియమం పేరు చెప్పి, "ఫలహారం ఎక్కడ ఇస్తున్నారమ్మా" అని మాత్రమే అడిగాం. ఇస్తారా అని అడగలేదు, గమనించండి. పది నిమిషాల్లో అందరికీ పొట్లాలు వచ్చాయి. అరిచినాయనకు కూడా.

చేతిలో సాక్ష్యం ఉంచుకోండి: వచ్చిన సందేశాల తెర బొమ్మలు, సమయం కనిపించేలా బోర్డు ఫోటో, బోర్డింగ్ పాసు. ఆలస్యానికి కారణం ఏమిటో సందేశంగా పంపమని అడగండి. ముందు సంస్థకే ఫిర్యాదు రాయండి. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవ పోర్టల్‌లో పీఎన్ఆర్ నంబరుతో పెట్టండి. పౌర విమానయాన మంత్రిగా 2024లో వచ్చిన కింజరాపు రామ్మోహన్ నాయుడు మన పొరుగు శ్రీకాకుళం ఎంపీయే కాబట్టి, ఆయనకే చెబుదామని మా దుకాణంలో సగంమంది అంటారు. పోర్టల్‌లో పెట్టడం త్వరగా తేలే దారి.

2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా వేల విమానాలు రద్దయినప్పుడు ఒక సంగతి అర్థమైంది. గేటు దగ్గర వరుసలో నిలబడినవాళ్ళ కంటే, ఫోనులో వెంటనే రైలు టికెట్టు చూసుకున్నవాళ్ళు ముందు ఇల్లు చేరారు. విమానం రద్దన్న మాట వినగానే, ఇంట్లో ఒకరిని రైలు వెతకమనండి, మీరు కౌంటరుకు వెళ్ళండి.

గాల్లో

చెవులు దిబ్బడ వేస్తాయి. మన ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి కొండ 1,672 మీటర్లు. విమానం లోపల ఉంచే గాలి ఒత్తిడి అంతకంటే ఇంకొంచెం ఎత్తైన చోట ఉండే గాలికి సమానం. దిగేటప్పుడు అది తిరిగి నేల ఒత్తిడికి వస్తుంది కాబట్టి నొప్పి దిగేటప్పుడే ఎక్కువ. గుటక వేయండి, ఆవలించండి, బెల్లం ముక్క చప్పరించండి. చంటిపిల్లలకు దిగే సమయంలో పాలు పట్టండి. బాగా జలుబు చేసి ఉంటే వైద్యుణ్ణి అడిగే ఎక్కండి. లోపల గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. పెద్దవాళ్ళకు ఒక శాలువా చేతిలో ఉండాలి.

మొదటిసారి ఎక్కేవాళ్ళకు మాత్రం కిటికీ సీటుకు డబ్బు కట్టినా తప్పులేదని నా అభిప్రాయం, పైన సీటు రుసుమును అంత తిట్టాక కూడా. భువనేశ్వర్ నుంచి చెన్నై వైపు వెళ్తుంటే సముద్రం ఎడమ పక్కన ఉంటుంది. మబ్బు లేని రోజున చిల్కా సరస్సు, దాన్నీ సముద్రాన్నీ విడదీసే సన్నటి ఇసుక గీత కనిపిస్తాయి. కొబ్బరి చిప్పల మా అత్తయ్య ఆ గీతను చూసి, "రంభ స్టేషన్లో రైలు కిటికీలోంచి చూసిన చిల్కా ఇదేనా" అని అడిగి, తర్వాత పావుగంట మాట్లాడలేదు. ఆవిడ పావుగంట మాట్లాడకపోవడం మా ఇంట్లో అరుదైన సంఘటన.

దిగాక

విమానం ఆగీ ఆగకముందే లేచి నిలబడకండి. తలుపు తెరవడానికి పది నిమిషాలు పడుతుంది, పై అర నుంచి పెట్టె ఎవరి నెత్తినో పడుతుంది. ఇంజిను ఆపిన 30 నిమిషాల లోపు ఆఖరి సంచి కూడా బెల్టు మీదికి రావాలని 2024లో ఆదేశాలు ఇచ్చారు. మీ పెట్టె రాకపోయినా, చక్రం విరిగి వచ్చినా, ఆ హాలు దాటకముందే సంస్థ మనిషి దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించి కాపీ తీసుకోండి. బయటికి వచ్చాక చెప్పే మాటకు విలువ తక్కువ. ఎర్ర దారమో పాత చీర అంచో పెట్టెకు కట్టి ఉంచితే వేరేవాళ్ళు ఎత్తుకుపోయే ప్రమాదం తగ్గుతుంది.

తిరుగు ప్రయాణంలో విశాఖకు రాత్రి చేరే విమానం ఎప్పుడూ చవకగా కనిపిస్తుంది. దాన్ని కొనే ముందు పర్లాకిమిడికి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. దిగేసరికి అది వెళ్ళిపోయి ఉంటే, తెల్లవారేదాకా స్టేషన్లో కూర్చోవాలి, లేదా రాత్రి కారుకు మిగిల్చిన డబ్బంతా ధారపోయాలి. మధ్యాహ్నం రెండు గంటల లోపు దిగే విమానం చూసుకుంటే, టికెట్టు నాలుగువందలు ఎక్కువైనా, రాత్రి భోజనం వేళకు ఇంట్లో ఉంటారు.